వాన అడిగినవాడే వానలో పరుగెత్తాడు



మాది పల్నాడులో ఒక చిన్న ఊరు. మూడెకరాల మెట్ట చేను, రెండు గేదెలు, గుడి ప్రక్కనే ఇల్లు. మేమిద్దరం పెద్ద చదువులు చదివినవాళ్ళం కాము, వ్రాసే అలవాటు అంతకంటే లేదు. అయితే మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మాలాంటి తలిదండ్రులకు ఉపయోగపడుతుందని మా అయ్యగారు పదేపదే చెప్పగా, ధైర్యం చేసి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇది మా అమ్మాయి పరుగు పందెం గురించి. వాన గురించి కూడా.

2023వ సంవత్సరం ఆగస్టు నెల సేద్యం చేసేవాళ్ళెవరూ మరచిపోలేరు. దేశం మొత్తం మీద ఆ నెలలో సగటున 255 మిల్లీమీటర్లు కురవవలసి ఉండగా 163 మిల్లీమీటర్లే కురిసింది. 1901 నుండి ఉన్న లెక్కలలో అంత పొడిగా గడిచిన ఆగస్టు మరొకటి లేదని వాతావరణ శాఖవారు చెప్పారు. ఆ లెక్క మాకు తరువాత తెలిసింది. మాకు ముందు తెలిసింది మా ప్రత్తి చేను. మధ్యాహ్నం అయ్యేసరికి ఆకులన్నీ వ్రేలాడిపోయేవి. నల్లరేగడి నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చింది. విత్తనాలు, ఎరువులు అప్పు తెచ్చి వేసినవే. కాలువ నీరు పారే భూమి కాదు మాది. ఆకాశం చూడవలసిందే.

సంఘమంతా శుక్రవారాలు ఉపవాసముండి వాన కోసం ప్రార్థించాము. ఇంట్లో కూడా రాత్రి కుటుంబ ప్రార్థనలో మొదటి మనవి అదే.

అదే రోజులలో, పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి 1500 మీటర్ల పరుగులో మండలం తరపున ఎంపికైంది. సెప్టెంబరు మూడవ వారంలో జిల్లా పోటీలు. మాకు సంతోషమే గాని, చేను అలా ఉండగా పరుగు పందెం మనసుకు ఎక్కలేదు. "మంచిదే అమ్మా" అని ఊరుకున్నాము.

ఒక రాత్రి ప్రార్థనలో పిల్ల వంతు వచ్చింది. ఎప్పటిలాగే అమ్మకు నాన్నకు ఆరోగ్యం, నానమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాలి అని ప్రార్థించి, చివర మెల్లగా, "ప్రభువా, నా పందెం అయ్యేదాకా వాన రాకుండా చూడు" అన్నది.

మేము ఆమేన్ చెప్పలేదు. ప్రార్థన మధ్యలోనే కళ్ళు తెరిచి గద్దించాము. "బుద్ధి ఉందా నీకు? ఊరంతా వాన కోసం కడుపు మాడ్చుకుంటుంటే వద్దని అడుగుతావా? నీ పరుగు మనకు అన్నం పెడుతుందా?" అన్నాము. ఇద్దరం తలో మాట అన్నాము. ఇందులో ఎవరి తప్పు ఎక్కువ అని ఇప్పుడు విడదీయలేము.

పిల్ల మారు మాట్లాడలేదు. అయితే మరునాటి నుండి కుటుంబ ప్రార్థనలో తన వంతు వచ్చినప్పుడు నోరు విప్పలేదు. తల వంచుకొని కూర్చునేది. ఒక రాత్రి, రెండు రాత్రులు, నాలుగు రాత్రులు. అలక అనుకున్నాము. అదే పోతుందిలే అనుకున్నాము.

ఐదవ రాత్రి నానమ్మ అందుకున్నది. ఆమెకు చదువు రాదు. తన చిన్నతనంలో ఊరూరు తిరిగే బైబిలు స్త్రీ చెప్పిన కథలు మాత్రం ఒక్కటీ మరువలేదు. "ఒరే అబ్బాయ్, రోజూ వాన ప్రార్థనకు ఏలీయా పేరెత్తుతున్నారు గదా, వాన వచ్చినాక ఆయనేం చేశాడో ఎప్పుడన్నా చదివారా?" అని అడిగింది.

మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం తీశాము. మూడున్నర ఏండ్ల కరువు, కర్మెలు కొండ, మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకొని ఏలీయా చేసిన ప్రార్థన, ఏడవసారికి సముద్రం మీద కనిపించిన అరచేయంత మబ్బు, ఇవన్నీ మాకు తెలిసినవే. ఆ మబ్బు దగ్గరే మేము ఎప్పుడూ గ్రంథం మూసేవాళ్ళం. నానమ్మ మూయనివ్వలేదు. 46వ వచనం దాకా చదివించింది. అహాబు రథమెక్కి వెళ్తుంటే, కుండపోత వానలో ఏలీయా తన వస్త్రం నడుముకు బిగించుకొని, ఆ రథానికి ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తాడు. బైబిలు వెనుక ఉన్న పటంలో కొలిచి చూశాము. సుమారు పాతిక కిలోమీటర్లు.

"చూశారా," అన్నది నానమ్మ. "వాన అడిగినోడూ ఆయనే, వానలో పరిగెత్తినోడూ ఆయనే. వాన కావాలని ఒకడు, వద్దని ఒకడు, ఇద్దరు కొట్లాడుకోలేదు."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఇన్నాళ్ళూ మా ఇంట్లో రెండు ప్రార్థనలు ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. మాది పెద్దవాళ్ళది గనుక గెలిచింది. పిల్లది నోట్లోనే ఆగిపోయింది. ఆ రాత్రి పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని, "తప్పు మాదేనమ్మా" అన్నాము. అప్పుడు ఏడ్చింది. నిరుడు మండలం పోటీలలో చినుకులు పడుతుండగా రెండవ చుట్టులో జారిపడి, మోకాలు చీరుకుపోయి, అందరికంటే చివర వచ్చిన సంగతి అప్పుడు చెప్పింది. మోకాలి మచ్చ మేము చూశాము, మందు కూడా రాశాము. దాని వెనుక ఉన్న భయం మాత్రం చూడలేదు. పిల్లకు వాన మీద పగ లేదు, వానలో పడిపోతానన్న భయం ఉంది.

ఆ రాత్రి నుండి మా ప్రార్థన మార్చుకున్నాము. "ప్రభువా, వాన దయచేయి. ఆ వానలో నిలబడే కాళ్ళు మా బిడ్డకు దయచేయి" అని ముగ్గురం, నానమ్మతో నలుగురం, ఒకే మనవిగా అడిగాము.

అడిగి ఊరుకుంటే చాలదు గదా. ఏలీయా మబ్బు అరచేయంత ఉన్నప్పుడే రథం సిద్ధం చేసుకోమని అహాబుకు కబురు పంపాడు. మరునాడే బడికి వెళ్ళి డ్రిల్లు మాస్టారితో, "మాస్టారండీ, వాన వస్తే ఎలా పరుగెత్తాలో మా పిల్లకు నేర్పండి" అన్నాము. ఆయన ఆకాశం వైపు చూసి నవ్వారు. ఒక్క మబ్బు తునక లేదు. అయినా ఒప్పుకున్నారు.

ఆయన నేర్పినవాటిలో కొన్ని ఇక్కడ వ్రాస్తాము. పిల్లలు ఉన్నవాళ్ళకు పనికివస్తాయి.

మొదటిది బట్టలు. నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, తొడల దగ్గర ఒరుసుకొని పుండు పడుతుంది. పలుచని పాలియెస్టరు బనీను, ఒంటికి పట్టి ఉండే ప్యాంటు అయితే నీరు నిలవదు. మేము అవి కొనడం చూసి చుట్టాలు కొందరు, "ఆడపిల్లకు ఇవేం బట్టలు?" అన్నారు. ఏలీయా వస్త్రం ఎగగట్టుకున్నది కూడా అందుకేనని నానమ్మ జవాబు చెప్పింది. తడిసిన అంగీ కాళ్ళకు అడ్డం పడుతుంటే ఎవరు పరుగెత్తగలరు? ముందుకు అంచు ఉన్న టోపీ ఒకటి కూడా పెట్టించారు. చినుకులు కంట్లో పడవు.

రెండవది పాదాలు. తడిసిన మేజోడులో పాదం జారి బొబ్బలెక్కుతుంది. అందుకని వ్రేళ్ళ సందులలో, మడమకు వాజలైను రాసి పలుచని నైలాను మేజోళ్ళు వేయించాము. బూట్లు తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకూడదు. వేడికి అడుగు అతికించిన జిగురు విడిపోతుంది. పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి లోపల కూరి, రెండు గంటలకు ఒకసారి ఆ కాగితం మార్చి, గాలి తగిలే చోట పెడితే తెల్లవారేసరికి చాలావరకు ఆరిపోతాయి. పరుగు అయిన వెంటనే కాళ్ళు సబ్బుతో కడుక్కోవాలి. వాన నీటిలో ఏమేమి కలిసి పారుతుందో పల్లెలో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు.

మూడవది అడుగు. పొడి నేల మీద సాగదీసి వేసే పెద్ద అంగ తడి నేల మీద పనికిరాదు. చిన్న అడుగులు, త్వరత్వరగా వేయాలి. పాదం ఒంటి ముందు దూరంగా కాక, ఒంటి కిందనే పడాలి. మలుపు దగ్గర వేగం కొంచెం తగ్గించి, తిన్నని దారిలో మళ్ళీ అందుకోవాలి. సున్నం గీతలు, రాలిన ఆకులు, నీటి గుంటలు తప్పించాలి. గుంట లోతు పైకి కనపడదు. మా నల్లరేగడి తడిస్తే బూటుకు ముద్దలు ముద్దలుగా పట్టి ఒక్కో కాలు శేరు బరువెక్కుతుంది గనుక, గ్రావెల్ పోసిన డొంక దారి ఒకటి అభ్యాసానికి చూపించారు. కాలువ కట్ట మీదికి మాత్రం వెళ్ళవద్దన్నారు.

వాన లేదు గదా, తడి నేల ఎక్కడిది? ఊరి చేతిపంపు దగ్గర నీళ్ళు పారి చిత్తడిగా ఉండే జాగా ఉంది. సాయంత్రం పూట మా పిల్ల ఆ జాగాలో ముందుకూ వెనుకకూ చిన్న అడుగులతో పరుగెత్తుతుంటే బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "వాన వస్తుందని మీకు ముందే ఉత్తరం వచ్చిందా?" అన్నారు ఒకరు. మేమూ నవ్వాము. అయితే మనసులో ఒక సంగతి తగిలింది. అన్ని శుక్రవారాలు ఉపవాసముండి వాన అడిగిన మేము, వస్తుందని నమ్మి ఇంట్లో ఒక్క పని చేయలేదు. పశువుల పాక కప్పు అలాగే చిల్లులు పడి ఉంది, చేనిలో నీరు బయటికి పోయే కాలువలు పూడి ఉన్నాయి. మా ఇంట్లో వానకు సిద్ధపడింది, వాన వద్దని అడిగిన పిల్ల ఒక్కతే. ఆ వారమే పాక కప్పించాము.

సెప్టెంబరు మొదటి వారంలో దేవుడు వాన ఇచ్చాడు. ముందు ఒక రాత్రంతా, తరువాత వరుసగా నాలుగు రోజులు. నెర్రెలు పూడిపోయాయి. ప్రత్తి మొక్క తల ఎత్తింది. గుడిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాము. దేవునికి స్తోత్రం.

పిల్ల నిజమైన వానలో పరుగు మొదలుపెట్టింది. మొదటి రోజు మా గుండెలు చేతుల్లో ఉన్నాయి. జ్వరం వస్తుందేమో, జలుబు చేస్తుందేమో అని. జలుబు తెచ్చేది క్రిమి గాని వాన చుక్క కాదని, అయితే తడి ఒంటితో ఊరికే నిలబడితే వేడి పోయి ఒళ్ళు వణుకుతుందని మాస్టారు చెప్పారు. నీరు గాలికంటే సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుందట. అందుచేత పరుగు ఆపిన వెంటనే తల తుడిచి, పొడి బట్టలు కట్టించి, వేడి రాగి జావ ఇవ్వడం మా పని అయింది. చల్లగా ఉందని మంచినీళ్ళు త్రాగడం మానకూడదని కూడా చెప్పారు. వానలోనూ చెమట పడుతుంది, మనకు కనపడదంతే.

ఒక్క విషయంలో మాత్రం మాస్టారు ఏ మాత్రం ఒప్పుకునేవారు కాదు. అది పిడుగు. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినపడితే పిల్లలందరినీ బడి గదిలోకి పంపేవారు. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది గనుక, 30 సెకన్లంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉందని అర్థం. చివరి ఉరుము విన్న తరువాత అరగంట గడిస్తేనే బయటికి వదిలేవారు. చెట్టు కింద నిలబడటం అన్నిటికంటే ప్రమాదం. మన పల్లెలలో గొర్రెల కాపరులు, చేలలో కూలికి వెళ్ళినవాళ్ళు అలా నిలబడే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. పిడుగు జాడ ముందుగా చెప్పే 'దామిని' అనే యాప్‌ను పూణేలోని ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. ఇప్పుడు మా ఫోనులో అది ఉంది, చేనికి వెళ్ళేముందు చూస్తాము. ధైర్యం వేరు, దేవుని శోధించడం వేరు.

అలా ఉరుములకు పిల్లలు గదిలో ఆగిపోయిన ఒక సాయంత్రం మాస్టారు ఒక సంగతి చెప్పారట. ఇంటికి వచ్చి పిల్ల మాకు చెప్పింది. 2018 ఏప్రిల్ 16న అమెరికాలో బోస్టన్ మారథాన్ జరిగింది. 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు. ఆ రోజు గడ్డకట్టే చలి, ఎదురుగాలి, ఎడతెగని వాన. పేరున్న పరుగువాళ్ళు ఎందరో మధ్యలో మానుకున్నారు. డెజిరీ లిండెన్ అనే ఆమెకు మొదట్లోనే ఒంట్లో బాగాలేదు. ఇక మానేస్తానేమో, ఈలోగా ఎవరికైనా సాయపడదాం అనుకున్నది. తోటి పరుగుమనిషి షలేన్ ఫ్లానగన్ కాలకృత్యాలకు ఆగవలసి వస్తే, తాను వేగం తగ్గించి ఆమె కోసం నిలిచి, గుంపును మళ్ళీ అందుకోవడానికి తోడ్పడింది. అలా పరుగెత్తుతూ పరుగెత్తుతూ చివరకు ఆమే మొదట వచ్చింది. 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లు. 1985 తరువాత అమెరికా స్త్రీ ఆ పందెం గెలవడం అదే మొదలు. అదే పందెంలో 2011లో ఆమె రెండే రెండు సెకన్లలో ఓడిపోయింది.

"మానేద్దామనుకున్న మనిషే చివరిదాకా ఉన్నది చూడు" అన్నది నానమ్మ.

పందెం రోజు రానే వచ్చింది. తెల్లవారుజాము నుండి ముసురు. జిల్లా కేంద్రంలో మట్టి మైదానం, లోపలి వరుసలో అక్కడక్కడా నీరు నిలిచింది. 1500 మీటర్లంటే ఆ మైదానం చుట్టూ మూడు చుట్లు, పైన ముప్పావు చుట్టు. మేము గొడుగు పట్టుకొని, పొడి బట్టలు కవరులో చుట్టుకొని గట్టు మీద నిలబడ్డాము. ఈల వేశారు. పిల్లలు కదిలారు. రెండవ చుట్టు మలుపు దగ్గర మా ఊపిరి ఆగింది. నిరుడు పడింది అలాంటి చోటే. మా పిల్ల అక్కడ వేగం తగ్గించి, నీటి గుంటను వదిలి బయటి వైపు నుండి, చిన్న అడుగులతో తిరిగి వచ్చింది. పడలేదు. వెనుక ఒక పిల్ల జారింది, లేచింది. చివరి చుట్టులో మా పిల్ల ఇద్దరిని దాటింది.

నాల్గవదిగా వచ్చింది. రాష్ట్ర పోటీలకు మొదటి ఇద్దరినే తీసుకున్నారు.

గెలిచిందని వ్రాయగలిగితే ఈ సాక్ష్యం ఇంకా బాగుండేదని మాకు తెలుసు. అయితే జరిగింది ఇదే. పొడి నేల మీద ఆమె పరుగుకు పట్టిన సమయం కంటే ఆ బురదలో నాలుగే సెకన్లు ఎక్కువ పట్టిందని మాస్టారు గడియారం చూపించి సంతోషించారు. పిల్ల మాత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ఊరు వచ్చేదాకా ఏడ్చింది.

మాకు బోధ చేయాలనిపించింది. దేవుని చిత్తం అమ్మా, ఓర్పు అమ్మా, అని చెప్పాలనిపించింది. కాని ఆ ఏలీయా కథ తరువాతి అధ్యాయం కూడా చదివి ఉన్నాము. అంత పరుగు పరుగెత్తినవాడు ఆ తరువాత అరణ్యంలో ఒక పొద కింద కూలబడి, ఇక చాలు ప్రభువా అన్నాడు. దేవదూత వచ్చి ఆయనకు ప్రసంగం చేయలేదు. వేడి రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండవసారి మళ్ళీ తినిపించాడు. అందుకని మేమూ నోరు మూసుకొని, వేడి నీళ్ళు పోసి, వేడి అన్నంలో మిరియాల చారు పోసి పెట్టాము. తిని, మరునాడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. నానమ్మ తలుపు దగ్గర కూర్చొని కోళ్ళను కూడా అరవనివ్వలేదు.

మరునాటి రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్ల వంతు వచ్చింది. కొంతసేపు మాట లేదు. తరువాత, "ప్రభువా, మా చేనికి వాన ఇచ్చినందుకు వందనాలు. నేను పడిపోకుండా చూసినందుకు వందనాలు. నాల్గవ స్థానం నాకు నచ్చలేదు ప్రభువా" అన్నది.

ఈసారి మేము గట్టిగా ఆమేన్ చెప్పాము.

ప్రియ తలిదండ్రులారా, నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద ఒకే తీరున వాన కురిపించే తండ్రికి మన ఇంట్లో పెద్దల మనవి, పిల్లల మనవి రెండూ వినే ఓపిక ఉంది. లేనిది మనకే. మా పిల్ల నాలుగు రాత్రులు నోరు మూసుకుంటే మేము గమనించి కూడా పట్టించుకోలేదు. మీ ఇంట్లో కూడా, మీరు గద్దించిన ఏదో ఒక మాట వల్ల ఎవరి ప్రార్థనైనా నోట్లోనే ఆగిపోయిందేమో ఈ రాత్రి చూసుకోండి. ఆగి ఉంటే, పెద్దవాళ్ళే ముందు వెళ్ళి తప్పు ఒప్పుకోండి. దానివల్ల పెద్దరికం తగ్గదు. మాకు తగ్గలేదు.

ప్రభువు మీ చేలకు వానను, మీ బిడ్డల పాదాలకు స్థిరత్వాన్ని అనుగ్రహించును గాక. ఆమేన్.